ఫ్రిజ్‌లో చలికాలం

వార్డులో మందుల ఫ్రిజ్ తలుపు తీసి, చల్లగాలి ముఖానికి తగిలినప్పుడల్లా మిచికో గారు గుర్తొస్తారు. సౌదీలోని అల్ ఖోబర్‌లో మా ఎదురు ఫ్లాటు వాళ్ళది. భర్త జపాన్ కంపెనీలో ఇంజనీరు. నేను నరసాపురం నుంచి కొత్తగా వచ్చిన నర్సును. డ్యూటీ, నిద్ర, ఇంటికి ఫోను తప్ప వేరే లోకం ఎరగను. ఒకరోజు ఆవిడ తలుపు తట్టి, కాస్త సాయం పట్టమన్నారు. వెళ్ళి చూస్తే, కుండీలో ఆకు రాలిన నడుమెత్తు మొక్క. పక్కన అరలు తీసేసిన పాత ఫ్రిజ్. మా వాచ్‌మన్ రాజన్నది జగిత్యాల. అప్పటికే తల గోక్కుంటున్నాడు.

"గీ చెట్టును ఫ్రిజ్‌ల వెడ్తరా అక్కా?" అని నన్నడిగాడు.

అదే నేను ఇంగ్లీషులో అడిగితే ఆవిడ నవ్వారు. "ఇది చెర్రీ మొక్క. చలి తగలకపోతే పూత రాదు. ఇక్కడ అంత చలి లేదుగా, మనమే ఇద్దాం."

"అప్పుడు పూస్తుందా?"

"ఏమో! అదే చూడాలని నాకూ ఉంది."

తెలియదనడం తప్పని నమ్మిన ఇంట్లో పెరిగాను నేను. ఆవిడ ఆ మాటను పేరంటానికి పిలిచినంత సంతోషంగా అన్నారు. ఆ చలికాలమంతా డ్యూటీ దిగి వాళ్ళింటికే వెళ్ళేదాన్ని. ఇద్దరం టార్చి వేసి మొగ్గలు వెతికేవాళ్ళం. వాళ్ళ ఊళ్ళో ఈ పూలు విచ్చుకుంటే చెట్ల కింద చాపలు పరిచి, ముక్కూమొహం తెలియనివాళ్ళతోనూ తిండి పంచుకుంటారట. "తొందరగా రాలిపోతాయి. అందుకే ఎవరూ రేపు వస్తామనరు" అన్నారు.

మొక్కను బయటికి తీసిన కొద్దిరోజులకే వాళ్ళాయన కాంట్రాక్టు ముగిసి, సౌదీ వదిలి వెళ్ళిపోవడానికి ఫైనల్ ఎగ్జిట్ వీసా వచ్చింది. కుండీ నాకిచ్చి, "పూయకపోతే బాధపడకు. ఎందుకు పూయలేదో ఆలోచించి నాకు చెప్పు" అన్నారు. కారు మలుపు తిరిగాక మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

ఎండలు ముదరకముందే, ఒక శుక్రవారం పొద్దున, ఒకే కొమ్మకు నాలుగైదు పూలు. తెలుపే, అంచున లేత గులాబీ. రాజన్న కుండీని మోసుకెళ్ళి గేటు పక్క నీడలో పెట్టాడు. నేను పులిహోర కలిపి చాప పరిచాను. అప్పటిదాకా పలకరించి ఎరగని పాకిస్తానీ ఆవిడ పిల్లలతో వచ్చి కూర్చుంది. రాజన్న పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, "గిన్నేండ్ల సంది ఈ బిల్డింగుల ఉన్న. ఎవ్వలు గిట్ల కూసోవెట్టి తినవెట్టలే అక్కా" అన్నాడు. ఫోనులో మిచికో గారికి చూపిస్తే అన్నీ ప్రశ్నలే: "వాసనుందా? తేనెటీగ వచ్చిందా? ఆ పసుపు అన్నం ఏమిటి?"

వేడిగాలికి పూలు రాలాయి. మొక్క ఆ వేసవి దాటలేదు.

ఇప్పుడు మా ఆసుపత్రికి కొత్త నర్సు వస్తే, మొదటి సెలవు రోజున అన్నం పట్టుకుని నేనే ఆమె గదికి వెళ్తాను. షిఫ్టుల సంగతులు తర్వాత. "మీ ఊళ్ళో ఇప్పుడేం పూస్తున్నాయి?" అని అడుగుతాను. ఇప్పటిదాకా ఏ అమ్మాయీ ఒక్క మాటతో ఆపలేదు.