ఆంటీ వంటగదిలో ఆదివారం వాదనలు

పోయిన నెల ఒక ఆదివారం, వానలో నేను పనికి బయలుదేరుతుండగా, కెనడాకి ఆ చివరనున్న హాలిఫాక్స్ నుంచి ఫోన్ వచ్చింది. నా పాత రూమ్మేట్, వరంగల్ అమ్మాయి.

"ఆంటీ పోయిందే," అంది. "పొద్దుగాల చర్చికి తయారై, టోపీ పెట్టుకొని కుర్చీల కూసున్నదట. చెల్లెలు వచ్చి పిలిస్తే పలకలేదట."

హాలిఫాక్స్‌లో చదువుకున్న రెండేళ్ళూ మేమిద్దరం అద్దెకున్న ఇల్లు ఆవిడదే. రిటైరైన స్కూల్ టీచర్. నల్లజాతి మనిషి. ఆవిడ గురించి బాధగా నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాను. కానీ తలుచుకునేకొద్దీ, ఏం చేయను, హుషారే పొంగుకొస్తోంది. ఆవిడతో గడిపిన ఏ రోజూ నాకు చప్పగా గుర్తు లేదు.

కాకినాడ నుంచి వచ్చిన కొత్తలో ఆవిడ వంటగదిలో నిలబడి తెలివితక్కువ ప్రశ్న ఒకటి వేశాను. మేం మాట్లాడుకున్నవన్నీ ఇంగ్లీషులోనే, నాకు గుర్తున్నట్టు తెలుగులో రాస్తున్నాను.

"ఆంటీ, మీది ఏ దేశం?"

పెనం మీద చేప ముక్క తిరగేస్తున్న ఆవిడ గరిటె ఎత్తిపట్టి నా వైపు తిరిగింది. "ఈ దేశమే. మావాళ్ళు ఈ రేవులో దిగి రెండు వందల ఏళ్ళు దాటింది. నన్ను ఈ ప్రశ్న అడిగేవాళ్ళలో చాలామంది తాతలు అప్పటికి ఓడే ఎక్కలేదు."

నా మొహం మాడిపోయింది. ఆవిడ పకపకా నవ్వింది. "సిగ్గుపడకు. తెలియక అడిగావు. నాకు పేచీ అంతా అడగకుండానే తెలుసుననుకునే వాళ్ళతో."

నిజానికి నేను రెండో రకం మనిషినే. నల్లవాళ్ళంటే అందరూ ఒక్కటేననీ, ఒకేలా ఆలోచిస్తారనీ అనుకుంటూ విమానం దిగినదాన్ని. ఆ భ్రమ వదలడానికి ఆవిడ ఇంట్లో ఒక్క ఆదివారం సరిపోయింది.

చర్చి అయ్యాక ఆవిడ బల్ల దగ్గర ముగ్గురు తప్పకుండా చేరేవారు. ఒకరు ఆవిడ సొంత చెల్లెలు. ఇంకొకాయన జమైకాలో పుట్టి, ముప్పై ఏళ్ళుగా ఈ ఊళ్ళో సిటీ బస్సు నడుపుతున్న అంకుల్. మూడో మనిషి నైజీరియాలోని లాగోస్ నుంచి నర్సింగ్ చదవడానికి వచ్చిన అమ్మాయి. ఆ రోజు వాదన, స్కూల్లో నల్లవాళ్ళ చరిత్రను విడిగా చెప్పాలా, అందరి చరిత్రలో కలిపి చెప్పాలా అని. విడిగానే చెప్పాలని ఆంటీ. విడిగా పెడితే ఆ పీరియడ్‌కి పిల్లలు నిద్రపోతారని చెల్లెలు. ముందు ఎవరి చరిత్రో తేల్చండి, మా దీవి సంగతి మీ ఇద్దరికీ ఏం తెలుసని డ్రైవర్ అంకుల్.

"లాగోస్‌లో ఉన్నన్నాళ్ళూ నేను నల్లదాన్నని నాకెవరూ చెప్పలేదు," అంది నర్సింగ్ అమ్మాయి. "ఇక్కడ ఎయిర్‌పోర్టులో దిగాకే తెలిసింది."

"నాకు పుట్టినప్పట్నుంచీ చెబుతూనే ఉన్నారు," అంది ఆంటీ.

అంతే, నలుగురూ ఒకేసారి మాట్లాడారు. గిన్నెలు ఎగురుతాయేమోనని నాకు భయం. "లొల్లి అయితున్నట్టుంది, పైకి పోదామా?" అని రూమ్మేట్ నా చెవిలో గొణిగింది. ఆంటీ చూడనే చూసింది.

"కూర్చోండి! ఇది కొట్లాట కాదు, లంచ్."

గరిటె ఎవరివైపు చూపిస్తే మాట్లాడే వంతు వాళ్ళది. టీచరమ్మ అలవాటు. వారం తిరిగేసరికి ఆ గరిటె మావైపూ తిరిగింది. మేమిద్దరం ఒకే భాష మాట్లాడతామని తెలిసి, "అయితే మీ ఇద్దరి అభిప్రాయమూ ఒకటేనా?" అని అడిగింది. కాదని ఇద్దరం ఒకేసారి అరిచాం. ఆవిడ ఆనందం చూడాలి!

ఆ ఏడాదే ఊరు స్టూడెంట్లతో నిండిపోయింది. గది దొరకడమే గగనమైంది. మా క్లాసులో ఇద్దరమ్మాయిలు ఒక బేస్‌మెంట్‌లో మరో నలుగురితో కలిసి ఉండేవారు. పరీక్షల ముందు అదీ ఖాళీ చేయమన్నారు. ఆంటీ ఊరుకోలేదు. చర్చి వెనకున్న పాత హాలును స్టూడెంట్ల గదులుగా మార్చాలని ప్రతిపాదన పెట్టింది. గట్టిగా వద్దన్నది ఎవరనుకున్నారు? సొంత చెల్లెలు.

"మన తాత తన చేతులతో కట్టిన హాలు అది. ఈ ఊళ్ళో మనవాళ్ళని ఎక్కడా అడుగు పెట్టనివ్వని రోజుల్లో మన పెళ్ళిళ్ళు అక్కడే జరిగాయి. అందులో గోడలు లేపుతావా?"

డ్రైవర్ అంకుల్ ఆంటీ పక్షం. తనూ అలాంటి బేస్‌మెంట్లోనే మగ్గుతున్న నర్సింగ్ అమ్మాయి మాత్రం చెల్లెలి పక్షం! "గదులు ఎక్కడైనా కట్టుకోవచ్చు, అలాంటి హాలు మళ్ళీ కట్టలేం," అంది.

చర్చి సభ్యుల ఓటింగ్‌కి ముందు ఒక కుర్ర విలేఖరి వచ్చి, దీని గురించి నల్లజాతి కమ్యూనిటీ ఏమనుకుంటోందని ఆంటీని అడిగాడు.

"ఏ కమ్యూనిటీ బాబూ? నా వంటగదిలోనే నాలుగు అభిప్రాయాలున్నాయి. కూర్చో, ఒక్కొక్కటీ రాసుకో."

అతను రెండు గంటలు రాసుకున్నాడు. పేపర్లో వచ్చింది నాలుగు లైన్లే. "చెల్లెలి మాట ఎందుకు వదిలేశారు?" అని ఫోన్ చేసి దులిపేసింది ఆంటీ. తనకు ఎదురు మాట్లాడిన చెల్లెలి కోసం!

ఓటింగ్ రోజు హాలు కిటకిటలాడింది. మాకు ఓటు లేదు, గోడకు ఆనుకుని నిలబడ్డాం. చేతులు లేస్తుంటే ఇద్దరం లెక్కపెట్టుకున్నాం. నాలుగు ఓట్ల తేడాతో ఆంటీ ఓడిపోయింది. లేచి, చెల్లెలితో చేయి కలిపి, మాట్లాడకుండా ఇంటికి నడిచింది. ఆవిడ అంత నిశ్శబ్దంగా ఉండటం నేను చూసింది ఆ ఒక్క సాయంత్రమే.

మర్నాడు పొద్దున్నే కింద దబదబమని చప్పుడు. దిగి చూస్తే ఆంటీ ముందుగదిలోని సోఫా లాగుతోంది. ఎవర్నీ కూర్చోనివ్వని గది అది. "చూస్తారేం, పట్టండి! ఆ బేస్‌మెంట్ పిల్లలిద్దరూ సాయంత్రానికి ఇక్కడుండాలి."

సోఫా గుమ్మంలో ఇరుక్కుని మేం రొప్పుతుంటే, బయట కారు ఆగింది. చెల్లెలు! కారు మీద తాళ్ళతో కట్టిన పరుపు.

అక్కచెల్లెళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు.

"హాలు ఇవ్వనన్నాను. పరుపు ఇవ్వనన్నానా?" అంది చెల్లెలు.

ఆంటీ నవ్విన నవ్వుకి పక్కింటావిడ తలుపు తీసి చూసింది. పరుపు మోస్తూ కూడా ఆ ఇద్దరూ హాలు గురించి వాదించుకుంటూనే ఉన్నారు.

ఇప్పుడు నా ఆఫీసులో ఎవరైనా "మీ ఇండియన్స్" అని మొదలుపెడితే, నాకు కోపం రావడం మానేసింది. "ఎవరి మాట కావాలి? కూర్చోండి," అంటాను. ఆవిడ నేర్పిన బుద్ధి అది.

అంత్యక్రియలకి హాలిఫాక్స్ వెళ్ళాను. సమాధి దగ్గర ప్రార్థన అయిపోయింది. మంచు మొదలైంది. కార్లు స్టార్ట్ చేసి, హీటర్లు వేసి, తలుపులు తీసి పెట్టారు. ఇంతలో ఎవరో, ఈ కొత్త మేయర్ని చూస్తే ఆవిడ ఏమనేదో అన్నారు. మెచ్చుకునేదని చెల్లెలు. ఛస్తే మెచ్చుకోదని డ్రైవర్ అంకుల్. మీ ఇద్దరికీ ఆవిడ అర్థమే కాలేదని, ఇప్పుడు నర్సుగా పనిచేస్తున్న లాగోస్ అమ్మాయి. నా రూమ్మేట్ కూడా మధ్యలో దూరింది. గొంతులు లేస్తున్నాయి, చేతులు ఊగుతున్నాయి, ఎవరో నవ్వుతున్నారు. టోపీల మీద, భుజాల మీద మంచు తెల్లగా పేరుకుంటోంది. ఇంజన్లు తిరుగుతూనే ఉన్నాయి. ఒక్కరూ కారెక్కడం లేదు.