నీళ్లలో ముంచి చూడని గాజుగొట్టం

నా ఉద్యోగమే కొలతలు. అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్ దగ్గర కారు విడిభాగాల కంపెనీలో క్వాలిటీ ఇంజనీర్‌ని. ఏ గేజ్‌తో కొలిచినా, ముందు ఆ గేజ్ సరిగ్గా చూపిస్తోందో లేదో పరీక్షించాలి. అది మరిచిపోయిన కొత్తవాళ్లను అందరి ముందూ కడిగేసేవాణ్ణి. ఈ మాట తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

2009 చలికాలం. డెట్రాయిట్ చుట్టుపక్కల ఉద్యోగాలు ఊడిపోతున్నాయి. మా ఆఫీసులోనే పనిచేసే వరంగల్ స్నేహితుడూ నేనూ కలిసి మా బేస్‌మెంట్‌లో బీర్ చేసేవాళ్లం. ఆసారి చేసిన రోజున హైడ్రోమీటర్ 1.050 చూపించింది. హైడ్రోమీటర్ అంటే లోపల అంకెల కాగితం చుట్టి పెట్టిన గాజుగొట్టం. ద్రవంలో తీపి ఎక్కువుంటే పైకి తేలుతుంది, ఈస్ట్ ఆ తీపిని తినేసేకొద్దీ కిందికి మునుగుతుంది. రెండు వారాల్లో 1.012కి రావాలి. ఆ మూడో రోజునే నా స్నేహితుడి ఉద్యోగం పోయింది. కొత్త ఉద్యోగం వచ్చిన రోజు ఈ బీరే తాగుదామని ఇద్దరం అనుకున్నాం.

ఆ వారమే మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం. నలభై మంది వస్తారు, పిల్లలంతా బేస్‌మెంట్‌లోనే ఆడుకుంటారు.

“పైన దేవుడు, కింద సారా బట్టీనా? ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు?” అంది మా ఆవిడ.

బీర్ పులుస్తున్న బకెట్‌ను స్నేహితుడు తన అపార్ట్‌మెంట్‌కి తీసుకెళ్లాడు. మిగిలిన సామానంతా నేను హడావిడిగా దాచేశాను. హైడ్రోమీటర్‌ని గుడ్డలో చుట్టి, పొడవాటి స్టీల్ గ్లాసులో తలకిందులుగా దించి, అటక లాంటి పై షెల్ఫ్‌లోకి తోసేశాను.

పది రోజుల తరువాత బకెట్ తనే మోసుకొచ్చాడు. కొలిచాను. 1.032. తీపి సగానికి పైగా అలాగే ఉందన్నమాట. చలికి ఈస్ట్ నిద్రపోతే ఇలాగే ఆగిపోతుందని చదివాను.

“చల్లటి చోట పెట్టావా?” అన్నాను.

“లేదన్నా. బెడ్రూంల పెట్టిన. వేడి అరవై ఎనిమిది ఫారెన్‌హీట్‌కు తగ్గలే. నువ్వు ఒక్కసారి...”

అతన్ని చెప్పనివ్వలేదు. “జాబ్ పోయిందని హీటర్ తగ్గించేసుంటావ్. ఆ మాట చెప్పొచ్చుగా, అబద్ధమెందుకు?” అన్నాను.

అతని ముఖం మాడిపోయింది. “మేం హాల్ల రెండు రగ్గులు కప్పుకొని పండినం అన్నా. బకెట్ ఉన్న రూంల మాత్రం హీటర్ బంద్ చెయ్యలే,” అన్నాడు.

“మరి ఈ నంబర్ అబద్ధమా?”

అతను కోటు వేసుకుని వెళ్లిపోయాడు. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని మా అమ్మమ్మ వెయ్యిసార్లు చెప్పింది. వెయ్యిసార్లూ తల ఊపాను.

బకెట్‌ను ఇల్లు వేడిచేసే ఫర్నేస్ పక్కకు జరిపాను. మెల్లగా కలిపాను. కొత్త ఈస్ట్ వేశాను. వారం గడిచినా 1.032 దగ్గరే నిలిచింది. నా మాటే నిజమని మనసులో సంతోషించాను కూడా, అదీ చెప్పాలి. బీరంతా సింక్‌లో పారబోశాను. నెల తిరగకుండా అతనికి కాలిఫోర్నియాలోని శాంటా క్లారాలో ఉద్యోగం వచ్చింది. ఆ సంగతి నాకు వేరేవాళ్లు చెప్పారు.

వసంతంలో ఒక్కణ్ణే మళ్లీ చేశాను. అదే సరుకు, అదే నీళ్లు. మొదటి రోజే 1.070 చూపించింది. అంత రావడానికి వీల్లేదు. అప్పుడు వెలిగింది. గ్లాసులో కుళాయి నీళ్లు పట్టి గొట్టాన్ని ముంచాను. మామూలు నీళ్లలో 1.000 చూపాలి. 1.020 చూపించింది. కాగితం గాజులోపల జారిపోయింది. వ్రతం రోజున తలకిందులుగా పెట్టింది నేనే. 1.032లోంచి ఆ ఇరవై తీసేస్తే సరిగ్గా 1.012. ఆడలేక మద్దెల ఓడు అంటారు. ఇక్కడ మద్దెలే ఓడు, నేను తిట్టింది చక్కగా ఆడినవాణ్ణి.

అతనికి ఫోన్ చేశాను. మొత్తం చెప్పి, “తప్పు నాదే, క్షమించు,” అన్నాను.

“ఆ బీర్ ఏం చేసినవన్నా?” అని అడిగాడు.

“పారబోశాను.”

“నోట్లె పోసుకొని చూడలేదా?”

“లేదు.”

“నేను చూసిన. నీ దగ్గరికి తెచ్చే ముందు ఒక చుక్క నాలుక మీద ఏసుకున్న. తీపి అసలు లేకుండె. మంచిగ కుదిరింది. నువ్వు ఒక్కసారి తాగి చూడన్నా అని చెప్పబోయిన, నువ్వు చెప్పనియ్యలే.”

వాళ్ల పాపకు స్కూల్ టైమ్ అవుతోందని చెప్పి అతను ఫోన్ పెట్టేశాడు. తరువాత నేను రెండుసార్లు చేశాను, ఎత్తలేదు. ఆఫీసులో మాత్రం ఇప్పటికీ పొద్దున్నే గేజ్‌లు పరీక్షిస్తూనే ఉన్నాను. మరిచిపోయిన కొత్తవాళ్లను తిట్టడానికి మాత్రం నోరు రావడం లేదు.