అల్లం ఆట మేలా, బోల్టుల ఆట మేలా?

మొన్న ఆదివారం మా మనవడు సెల్‌ఫోన్‌లో ఏదో యుద్ధం ఆడుతూ, ఈ ఆట రెండో భాగం మొదటి భాగమంత బాగాలేదని స్నేహితుడితో గొంతు చించుకుని వాదిస్తుంటే, పక్కన కూర్చుని బియ్యం ఏరుకుంటున్న నాకు నవ్వాగలేదు. వాడు చిరాకుపడి, నీకేం తెలుసు అమ్మమ్మా ఈ ఆటల సంగతి అన్నాడు. నాకా తెలియనిది! ఒక యుద్ధం ఆటకు రెండో భాగం వస్తే అది మొదటిదానికన్నా మెరుగా కాదా అన్న తగాదా మా ఇంట్లో వాడి తల్లి పుట్టకముందే మొదలై, నిన్నమొన్నటిదాకా నడిచింది. ఆ తగాదాలో నాది మొదటినుంచీ ఒకటే మాట, రెండోదే మేలు. ఎవరొచ్చి అడిగినా ఇదే చెబుతాను.

డెబ్బైలు ముగిసి ఎనభైలు మొదలవుతున్న రోజులవి. జహీరాబాద్‌లో బొంబాయి రోడ్డుకు కాస్త లోపలగా మా ఇల్లు, మా నాయినది అల్లం వ్యాపారం. ఎండాకాలం వచ్చిందంటే విత్తనపు అల్లం బస్తాలు ఇంటి వెనక గదినిండా ఉండేవి, మా బట్టలూ పుస్తకాలూ చివరికి మేం తాగే మంచినీళ్ళూ అదే వాసన. ముందు హాలులో షాబాద్ బండలు పరిచి ఉండేవి. మా వయసువాళ్ళకు ఆ బండల చల్లదనం గురించి నేను చెప్పాలా, మధ్యాహ్నం భోంచేసి చాపైనా లేకుండా వాటిమీద ఒరిగితే సాయంత్రం దాకా లేవబుద్ధి కాదు. అందరం వాటిమీద పడుకుంటే, నాకన్నా నాలుగేళ్ళు పెద్దదైన మా అక్క మాత్రం వాటిలో ఒక రాజ్యాన్ని చూసింది. ఒక్కో బండ ఒక్కో గడి. పగులు పారిన బండ నది, గడప పక్కది ఒక కోట, దేవుడి గది ముందుది ఇంకో కోట.

సైన్యమేమో అల్లం. బస్తాలు దించేటప్పుడు విరిగి రాలిన ముక్కల్లోంచి అక్క ఏరి ఏరి మనుషులను పట్టుకొచ్చేది. నిజంగా మనుషులే, అల్లం ముక్కను తిప్పి చూస్తే తలకాయా, భుజాలూ, ఒక్కోసారి బొజ్జ కూడా కనిపిస్తాయి. లావుపాటిది పైల్వాన్, ఒక్క బండే జరుగుతాడు కానీ ఎవరినైనా పడగొడతాడు. సన్నగా సాగినది గుర్రపు సవారు, మూడు బండలు దూకుతాడు కానీ ఊదితే పడిపోతాడు. వంగిన నడుముది హకీం, అంటే వైద్యుడు, కొట్లాడడు, పక్కనున్నవాడికి మాత్రం బలమిస్తాడు. అరగదీసిన చింతగింజలు విసిరి పందెం వేసేవాళ్ళం. అన్నిటికన్నా ముఖ్యమైన షరతు, ఏ ముక్కను జరిపితే ఆ మనిషిలా మాట్లాడాలి. సెలవులకు బీదర్ వైపునుంచి వచ్చే మా మేనత్త కొడుకు, మా బావ, అతని పైల్వాన్ కన్నడంలో తొడగొట్టేవాడు. నా హకీం ఉర్దూలో ఫికర్ నక్కో, దిగులు పడొద్దు అంటూ గడ్డం నిమురుకునేవాడు, లేని గడ్డం!

ఆ మొదటి ఆటలో చచ్చినవాడు చచ్చినట్టే. ఎందుకంటే పడిపోయిన ముక్కను మా నాయనమ్మ, అదే మా అవ్వ, వచ్చి పట్టుకుపోయి దంచి చాయలో వేసేసేది. ఎంతమంది వీరులను తాగామో లెక్కలేదు. ఒకనాడు యుద్ధం మంచి పట్టుమీదుండగా, అవ్వ కళ్ళజోడు లేకుండా వచ్చి, బతికున్న రాజును, కోటలో దర్జాగా కూర్చున్నవాణ్ణి, ఎత్తుకుపోయింది. బావ వంటింట్లోకి పరిగెత్తేసరికే రోట్లో రాజు పని అయిపోయింది. బావ ఏడ్చాడు, ఆ చాయ ముట్టలేదు. అప్పుడు మా అక్క న్యాయాధికారిలా నిలబడి, "పోయినోడు పోయినట్లే. ఏడిస్తె వస్తడా?" అని ఆట ముగించింది. ఆ మాట ఇంట్లో అందరికీ తమాషాగా అలవాటైంది, పాలు పొంగినా, కుండ పగిలినా అదే అనేవాళ్ళం.

మరుసటి ఎండాకాలం అక్క పదో తరగతి లెక్కల్లో తప్పింది.

ఆ రోజుల్లో ఆడపిల్ల పది తప్పిందంటే ఏమవుతుందో మీకు తెలుసు. నాయిన కోపిష్ఠి కాదు, ఆ రోజు గొంతు కూడా పెంచలేదు, తువాలు దులిపి భుజాన వేసుకుంటూ, "చదివింది సాలు బిడ్డా, ఇంట్ల కూసో. నువ్వే అంటవ్ గద, పోయినోడు పోయినట్లే అని" అన్నాడు. తమాషాకే అన్నాడేమో కానీ, అక్కకు అది తమాషాగా తగల్లేదు. వానాకాలంలో మళ్ళీ పరీక్ష ఉంటుందని, దానికి రుసుము కట్టే గడువు దగ్గరపడుతోందని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. నాయినతో ఆ మాటెత్తే ధైర్యం మాత్రం ఇంట్లో ఎవరికీ లేదు.

ఆ తర్వాత ఐదోనాడు అక్క బావను వెంటేసుకుని రోడ్డు పక్కన లారీలు బాగుచేసే షెడ్లకు వెళ్ళి, పారేసిన బోల్టులూ, నట్లూ, విరిగిన స్ప్రింగులూ ఒడినిండా తెచ్చింది. అదే రెండో ఆట. దానిలో లోపాలు లేవని నేననను. బోల్టుకు ముఖముండదు, వాసనేమో గ్రీజుది. వాన కురిస్తే నది పొంగి పక్క బండలు మునుగుతాయని ఒక షరతు పెట్టింది కానీ, అది ఎవరికీ అర్థంగాక వారంలోనే ఎత్తేశాం. ఆట కూడా సాగి సాగి, ఒక్కోసారి రేపటికి వాయిదా పడేది. కానీ ఆ ఆటలో కొత్తగా ఒక బండ వచ్చింది, కిటికీ కింద ఎర్ర సుద్దతో గీత గీసిన దవాఖాన బండ. పడినవాడు చావడు, అక్కడికి పోతాడు. మూడు పందేలు ఊరికే కూర్చుని తిరిగి వస్తాడు. ఈలోగా ఎవరి వంతు వచ్చినా సరే, శత్రువైనా సరే, గింజలు విసిరే ముందు ఆ పడినవాణ్ణి "ఎట్లుంది పానం?" అని, అంటే ఒంట్లో ఎలా ఉందని, అడిగి తీరాలి. అడగకపోతే పందెం చెల్లదు. ఈ షరతు బావకు మొదటినుంచీ నచ్చలేదు, చావు లేకుంటే భయమేముంది, భయం లేకుంటే యుద్ధమేముందని అతని వాదన.

ఆ ఏడాది వానలు ముందే పట్టుకుని బజారు మందగించడంతో, నాయిన సాయంత్రాలు ఇంట్లోనే ఉండేవాడు. తోచక ఒకనాడు మా పక్కన కూర్చుని, అందరికన్నా లావుపాటి బోల్టును తనకు పైల్వాన్‌గా తీసుకున్నాడు. నది దాటగానే బావ వాణ్ణి పడగొట్టాడు. అయ్యో, అంత పెద్దమనిషి ముఖం చిన్నబోయింది! "అయిపాయె" అంటూ లేవబోతుంటే అక్క బోల్టును తీసి దవాఖాన బండమీద నెమ్మదిగా పెట్టి, "ఏడికి పోతవ్ నాయినా? మూడు పందేలు ఊకె కూసో, వస్తడు" అంది. మేం ఒక్కొక్కరం వంతుకు ముందు ఎట్లుంది పానం అని అడుగుతుంటే, నాయిన మొదట సిగ్గుపడ్డా, మూడోసారికి పైల్వాన్ గొంతుతోనే "జర నయమే, లేస్త" అని బదులిచ్చాడు. లేచాడు కూడా. ఈసారి నదికి దూరంగా చుట్టుతిరిగి పోయి బావ కోట పట్టుకున్నాడు. నాయిన చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టడం నా జీవితంలో అదొక్కసారే చూశాను.

చాయ గ్లాసులతో వచ్చిన అవ్వ అక్కడే నిలబడి, "పైల్వాన్‌కు ఒక న్యాయం, పిల్లకు ఇంకో న్యాయమారా నీ ఇంట్ల?" అంది. నాయిన చాయ తాగి, గ్లాసు కింద పెట్టి, ఆ బోల్టును వేళ్ళమధ్య తిప్పుతూ కూర్చున్నాడు. మర్నాడు పొద్దున్నే గొడుగు తీసుకుని బడికి వెళ్ళి రుసుము కట్టి వచ్చాడు, మాకు చెప్పలేదు, బడి బంట్రోతు చెబితే తెలిసింది. పరీక్షదాకా ఆ హాలులో దీపం ముందు అక్క లెక్కలు చేసుకుంటుంటే, నాయిన బయటికి పోతూ వస్తూ "ఎట్లుంది పానం?" అని అడిగేవాడు. అక్క "జర నయమే" అనేది. పాసైంది. తర్వాత ట్రైనింగు చేసి ఝరాసంగం వైపు పల్లెల్లో పంతులమ్మగా పనిచేసింది. ఏ పిల్ల తప్పినా ఇంటికి వెళ్ళి తల్లిదండ్రుల ముందు కూర్చుని లేవకుండా సతాయించేదని అక్కడివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇక చెప్పండి, ఏ ఆట మేలు?

బావ మాత్రం పండగకో పబ్బానికో కలిసిన ప్రతిసారీ మొదటి ఆటే ఆట అనేవాడు, ఆ అల్లం రాజును తలచుకుని నిట్టూర్చేవాడు. పోయినేడు అక్కకు జబ్బుచేసి హైదరాబాదు దవాఖానలో ఉన్నప్పుడు, కర్ర పొడుచుకుంటూ రోజూ వచ్చేవాడు. వచ్చి మంచం పక్కన నిలబడి, మందుల సంగతీ డాక్టర్ల సంగతీ ఏదీ ఎత్తకుండా, "ఏం పైల్వాన్, ఎట్లుంది పానం?" అనేవాడు. అక్క కళ్ళు మూసుకునే నవ్వి, "ఇంకొక్క పందెం కూసోవాలె బావా" అనేది. చివరినాడు కూడా అదే అంది.

అక్క పదోరోజు కార్యమయ్యాక బావ ఫోన్ చేసి, నువ్వన్నదే నిజం, రెండోదే మేలు అని ఒప్పుకున్నాడు. ఆ మాటకోసం ఇన్నేళ్ళు కొట్లాడినదాన్ని, ఫోన్ పట్టుకుని ఏడుస్తూ ఉండిపోయాను. ఇప్పుడా హాలులో తెల్లటి టైల్సు వేశారు, నది లేదు, కోటలు లేవు, వెనక గదిలో అల్లం వాసనా లేదు. మనవడి ఆటలో పడినవాడు మీట నొక్కగానే అదే క్షణంలో లేచి నిలబడుతున్నాడు, కూర్చునే పని లేదు, అడిగేవాళ్ళ అవసరమూ లేదు. మంచిదే. కానీ నిన్న వాడు ఓడిపోయి ఫోన్ పక్కన పడేసి మూతి ముడుచుకుని కూర్చుంటే, నాకు తెలియకుండానే దగ్గరికి పోయి, ఎట్లుంది పానం అని అడిగాను. వాడు నా ముఖంలోకి వింతగా చూశాడు. పానమంటే ఏంటమ్మమ్మా అన్నాడు.