డి డ్రైవులో ద్రౌపదులు

చిత్తూరులో ఒక ఇంజనీరింగ్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుగా పనిచేసే జయచంద్ర ఎండాకాలం వచ్చిందంటే ఆదివారాలు ఇంటి పట్టున ఉండేవాడు కాదు. ఏ ఊళ్లో ధర్మరాజుల గుడి దగ్గర భారతం ఉత్సవం జరుగుతుంటే ఆ ఊరి బస్సెక్కేవాడు. భుజాన ఒక చిన్న వీడియో కెమెరా. పద్దెనిమిది రోజుల భారతంలో అతనికి కావలసింది చివరి రోజు పొద్దున ఆడే దుర్యోధన వధ. ఆ రోజు గుడి ముందర బయల్లో మట్టితో పెద్ద దుర్యోధనుణ్ణి చేసి పడుకోబెడతారు. భీముడు ఆ బొమ్మ తొడ పగలగొట్టాక, అన్నాళ్లూ జుట్టు విరబోసుకుని తిరిగిన ద్రౌపది వచ్చి కొప్పు ముడుచుకుంటుంది. జనమంతా భీముడి గదను చూస్తుంటే జయచంద్ర కెమెరా ద్రౌపది చేతుల మీద ఉండేది.

ఒకప్పుడు ఆ వేషం అతనిదే.

ఐరాల దగ్గరి పల్లెలో చెరకు పండించుకునే కుటుంబం వాళ్లది. పదిహేడో ఏట కుప్పయ్య అనే గురువు జయచంద్ర గొంతు విని, వీధి నాటకం జట్టులో చేర్చుకున్నాడు. నాలుగేళ్లు ద్రౌపది కట్టాడు. 1989లో ఉద్యోగం ఆర్డరు చేతికొచ్చిన రోజే వాళ్ల నాయన అన్నాడు.

"ఇంగ సీర కట్టేది సాలించురా. ఆపీసులో కూసోని సంతకాలు పెట్టేవోడు మొగానికి రంగు పూసుకుంటే బాగుండదు."

జయచంద్ర ఎదురు చెప్పలేదు. మరుసటేడు ధరణితో పెళ్లయింది. ఆమె అతన్ని వేషంలో ఒక్కసారీ చూడలేదు.

2009 ఏప్రిల్లో అతని లాప్‌టాప్ మొరాయించింది. ఆరేళ్లుగా తీసిన భారతాలతో డి డ్రైవు నిండింది. విండోస్ ఉన్న సి డ్రైవు కూడా చోటు లేదని ఎర్రగీత చూపిస్తోంది. తిరుపతిలో లాప్‌టాప్‌లు బాగుచేసే పరాశర్ దగ్గరికి తీసుకుపోతే, ఎనభై జీబీ డిస్కు తీసి మూడు వందల ఇరవై జీబీది బిగించాడు. పాతదాంట్లో ఉన్నదంతా ఉన్నట్టే కొత్తదాంట్లోకి దించి ఇచ్చాడు.

ఇంటికొచ్చి తెరిచి చూస్తే అదే సి, అదే డి. ఎర్రగీతలు కూడా అవే. జయచంద్ర ఫోను చేశాడు.

"పరాశర్ గారూ, కొత్త డిస్కు ఏసినారా లేదా? పాత లెక్కే సూపిస్తాండాదే?"

"వేసినాను సార్. మిగిలిన చోటు ఇంకా దేనికీ కేటాయించలేదు, అంతే." పరాశర్ ఒక్కొక్క మెట్టూ చెప్పి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిపించాడు. సి, డి నీలం పట్టీ కింద రెండు చిన్న గళ్లుగా కనిపించాయి. వాటి పక్కన నల్లపట్టీ కింద పొడుగాటి ఖాళీ గడి ఉంది. రెండు వందల ఇరవై మూడు జీబీ.

"అబ్బా, ఇంత చోటా! సి లో కలిపేద్దామా?"

"కుదరదు సార్. సి పెరగాలంటే ఖాళీ దాని పక్కనే ఉండాల. మధ్యలో డి అడ్డం ఉండాది. మీరు ఖాళీలో 'ఈ' అనే అక్షరంతో కొత్త డ్రైవు చేసుకోండి. డి లోదంతా దాంట్లోకి కాపీ చేయండి. తర్వాత డి ని తీసేస్తే సి పెంచుకోవచ్చు. అయితే తీసేసినాక మళ్లీ రాదు సార్. కాపీ అయిన ప్రతి వీడియో మొదట్నించి చివరిదాకా ఆడతాండాదో లేదో చూసుకోండి. అంతవరకు డి జోలికి పోవద్దండి."

కాపీ ఒక మధ్యాహ్నంలో అయిపోయింది. చూడడానికి మాత్రం మూడు ఆదివారాలు పట్టింది. కంటి ఆపరేషన్ చేయించుకుని చిత్తూరులో కూతురింట్లో ఉన్న కుప్పయ్యను కూడా జయచంద్ర పిలుచుకొచ్చాడు. డెబ్భై ఆరేళ్ల గురువు నల్లద్దాలు పెట్టుకుని, తెర దగ్గరికి కుర్చీ జరుపుకుని కూర్చున్నాడు. ఒక ద్రౌపది తరవాత ఇంకో ద్రౌపది వచ్చి కొప్పు ముడుచుకుని పోతోంది.

"ఈ పిల్లోనికి తొందర జాస్తి," అనేవాడు కుప్పయ్య. "రోషం సల్లారకముందే ముడిసేస్తే ఎట్లరా? జుట్టును చేతిలోకి తీసుకోని ఒక్క గడియ నిలబడల్ల."

మూడో ఆదివారం చివరి వీడియో కూడా అయిపోయింది. అన్నీ సరిగ్గా ఆడాయి.

"అయిపాయనా?" అన్నాడు కుప్పయ్య.

"అయిపాయ సామీ."

"నీది యాడరా?"

జయచంద్ర లాప్‌టాప్ మూసేశాడు. "నాది యాడిది సామీ? అప్పుడు మన జట్టును ఎవురు వీడియో తీసిరి? ఒక ఫోటో కూడా లేదు."

"నువ్వు నిలబడినట్టు ఇందులో ఒక్కడూ నిలబల్లేదురా," అన్నాడు కుప్పయ్య, మూసి ఉన్న లాప్‌టాప్ వైపు చూస్తూ.

కాఫీ తెచ్చిన ధరణి ఆ మాట విన్నది. గ్లాసులు అందిస్తూ, "ఒక తూరి కట్టి సూపించగూడదా? నేను సూడనే లేదు," అంది.

"నలభై రెండేండ్లకి పాంచాలి ఏసమా? నా పొట్ట సూసి మాట్లాడు," అని జయచంద్ర నవ్వేశాడు.

కుప్పయ్యను దిగబెట్టి వచ్చాక, బీరువా అద్దం ముందు నిలబడి తువ్వాలు పైటలాగా వేసుకున్నాడు. నాలుగడుగులు నడిచాడు. నడక కొంచెం గుర్తుంది. పాట ఎత్తుకుంటే మొదటి చరణం ఎట్లాగో గట్టెక్కింది. రెండో చరణంలో పై స్థాయికి పోవలసిన చోట గొంతు పగిలిపోయింది. మళ్లీ ఎత్తుకున్నాడు. మళ్లీ అక్కడే. తువ్వాలు తీసి మంచం మీద కూలబడ్డాడు. వంటింట్లోంచి చూసిన ధరణి చప్పుడు చేయకుండా లోపలికి పోయింది.

మరునాడు డి డ్రైవును తీసేశాడు. అన్నీ చూసుకున్నా, సరే అని నొక్కేముందు చివరి వీడియో ఇంకోసారి తెరిచి చూశాడు. ఆ చోటు కలుపుకుని సి పెరిగింది. లాప్‌టాప్ చక్కగా నడిచింది. 'ఈ' డ్రైవులో ఇంకా బోలెడు చోటు మిగిలే ఉంది.

మే నెలలో వాళ్ల పల్లెలోనే భారతం పెట్టారు. చివరి రోజుకు వారం ముందు కుప్పయ్య ఫోను చేశాడు. గాంధారి కట్టే మనిషికి కాలు విరిగిందట.

"ద్రౌపదికి పిల్లోడు ఉండాడు. నాకు గాంధారి కావల్ల. దానికి వయసయిన గొంతు కావల్ల. నువ్వైతే సరిపోతావు, వస్తావా?"

వయసయిన గొంతు అన్న మాట జయచంద్రకు లోపలెక్కడో తగిలింది. చెప్తానని ఫోను పెట్టేసి, సంగతి ధరణితో అన్నాడు. రెండు రోజులు గురువుకు ఏ కబురూ పంపలేదు. వాళ్ల నాయన పోయి ఆరేళ్లయింది, ఇప్పుడు వద్దనేవాళ్లెవరూ లేరు. అయినా ఎవరో ఒకరు సరే అంటే బాగుండుననిపించింది. మూడోరోజు ఆఫీసు నుంచి వచ్చేసరికి ధరణి మంచం మీద తన చీర ఒకటి మడత విప్పి పెట్టింది. తెల్లది, సన్నటి అంచు.

"గాంధారికి ఇది సాలునా?" అంది.

దుర్యోధన వధ రోజు పొద్దున ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. కుప్పయ్య తన చేత్తోనే జయచంద్ర కళ్లకు గుడ్డ కట్టి, చేయి పట్టుకుని నడిపించుకుపోయి మట్టిబొమ్మ తల దగ్గర కూర్చోబెట్టాడు. తడిమట్టి వాసన వచ్చింది. ఆ మట్టి మొహాన్ని తడుముతూ జయచంద్ర పాట ఎత్తుకున్నాడు. గొంతు పగిలింది. ఈసారి అతను ఆగలేదు. కొడుకులందరినీ పోగొట్టుకున్న తల్లి గొంతు పగలక ఏమవుతుంది? చుట్టూ ఆడవాళ్ల ముక్కులు చీదుకునే చప్పుడు వినిపించింది.

అప్పుడు వెనకనుంచి గజ్జెలు వచ్చాయి. మద్దెల నడక మారింది. ద్రౌపది వచ్చింది. పది అడుగుల దూరంలో ఆమె జుట్టు చేతిలోకి తీసుకుంటోంది. జయచంద్రకు తెలుస్తోంది, కానీ కనిపించదు. కళ్లకు కట్టిన గుడ్డ తడిసిపోయింది. అది ఆ మట్టికొడుకు కోసమో ఇంకెందుకోసమో అతనికే తేలలేదు.

ఇంటికొచ్చి, ధరణి తీసిన వీడియోను 'ఈ' డ్రైవులోకి ఎక్కించాడు. మొత్తం తొమ్మిది నిమిషాలు. మొదటి నాలుగు నిమిషాలు తెల్లచీర గాంధారి కనిపించింది. తరవాత తెరంతా ఎవరివో కాళ్లు, చెప్పులు, ఎండిన గడ్డి. వాటి మీద అతని గొంతు.

"మీరు ఏడస్తాంటే చెయ్యి ఆడలేదు," అంది ధరణి. "కెమెరా కిందికి దించేసినట్టుండాను."

"ద్రౌపది కొప్పు ముడిసేది తీసినావా?"

"లేదు. నేను మిమ్మల్నే సూస్తాంటి."

జయచంద్ర తలూపాడు. కాళ్లూ చెప్పులూ కనిపించినంతసేపూ వీడియో ఆపలేదు. మద్దెల నడక మారిన చోట వెనక్కి జరిపి ఇంకోసారి విన్నాడు. గజ్జెల చప్పుడు ఆగింది. కొంతసేపు ఏమీ లేదు. తరవాత జనం కేక వేశారు.

"బాగానే నిలబడినాడు ఆ పిల్లోడు," అన్నాడు మెల్లగా.