పన్నెండో రీలు

ఆ సినిమా హాల్లో బొమ్మ వేసే మనిషిని అందరూ ఆపరేటరు అనే పిలుస్తారు. ముప్ఫై ఏళ్ళలో ఒక్క రీలు కూడా ఆలస్యంగా మార్చలేదని ఆయనకి బోలెడు గర్వం. మేడ మీద గదిలో ఉన్నవి రెండు మిషన్లు. ఒకదాని మీద రీలు అయిపోవస్తుంటే తెర మూల చిన్న చుక్క మెరుస్తుంది. అది చూసి రెండోది వదలాలి, లేకపోతే తెర తెల్లబోతుంది. ఇంట్లోనూ అదే లెక్క. పెళ్ళానికి నొప్పులొస్తున్నాయని కబురొస్తే "రెండు రీళ్ళలో వచ్చేస్తా" అన్నాడు. పిల్ల పుట్టి, ఏడ్చి, నిద్ర కూడా పోయాక దయచేశాడు మహానుభావుడు.

ఆవిడ అదే హాల్లో కింద టికెట్లిస్తుంది. పోయిన నెల ఆవిడ తల్లి పోయింది. కబురు విని ఈయన "ఈ ఆట అవనీ" అన్నాడు. అన్నీ అయిపోయాక వెళ్ళి, పొడి కళ్ళతో కాసేపు కూర్చుని, తిరుగు బస్సు ఎన్నింటికని అడిగాడు.

ఈ వారం పాత సినిమా ఒకటి పడింది. మొగుడూ పెళ్ళాం పది రీళ్ళు కొట్టుకు చస్తారు. ఓడ బండకి గుద్దుకోగానే ప్రేమ గుర్తొస్తుంది. నీళ్ళు పీకల దాకా వచ్చినా ఆవిడ జుట్టు చెదరదు, ఆయన ఉపన్యాసం ఆగదు. ముందు పడవెక్కి చావరా నాయనా అనిపిస్తుంది ఎవరికైనా. ఆపరేటరు మాత్రం వెక్కి వెక్కి ఏడ్చాడు. క్యారియరు తెచ్చిన భార్య అది కళ్ళారా చూసింది. క్యారియరు అక్కడ పెట్టి దిగిపోయింది.

నాలుగు రోజులు ఉలుకూ పలుకూ లేదు. ఇవాళ పొద్దున నోరు విప్పింది. "మ్యాట్నీ టికెట్లు ఇచ్చేసి, లెక్క అప్పజెప్పి మా అన్నయ్య దగ్గరికి పోతున్నాను. ఇక రాను."

పదకొండో రీలు సగంలో ఆయన కిటికీలోంచి చూశాడు. ఆవిడ ట్రంకు పెట్టె ఈడ్చుకుంటూ గేటు వైపు వెళ్తోంది. మెట్లన్నీ దడదడా దిగి ఎదురు నిలబడ్డాడు.

"పైకి వెళ్ళండి, రీలు అయిపోతుంది" అంది ఆవిడ, మొహం చూడకుండా.

ఆయన కదల్లేదు. హాల్లో ఈలలు మొదలయ్యాయి. "ఒరేయ్ ఆపరేటరూ, చచ్చావా?" కాళ్ళు వాటంతటవే మెట్ల వైపు లాగుతుంటే పెట్టె పిడి గట్టిగా పట్టుకున్నాడు.

"అరవనీ" అన్నాడు.

"మా అమ్మ పోయిన రోజు ఈ ముక్క అనుంటే ఏం పోయిందండీ?" ఆవిడ పెట్టె విసురుగా లాగింది. "ఆ అట్ట ఓడ కోసం ఏడ్చారే, మా అమ్మకి ఒక్క చుక్క రాలేదేం?"

"ఓడ కోసం ఏడుస్తానటే నేను? మీ అమ్మ నాకు పిలిచి అన్నం పెట్టిన మనిషి. అందరి ముందూ ఏడవలేక సిగ్గుపడి చచ్చాను. పైన చీకట్లో అయితే ఎవరూ చూడరని..."

అంతే, భోరుమన్నాడు. సినిమాలో ఏడ్చినట్టు అందంగా కాదు, ముక్కు కారుతూ, గేటు దగ్గర జనం నవ్వుతుంటే.

ఆవిడ చీర చెంగు ఆయన మొహాన పడేసింది. "ఛీ, ముక్కు తుడుచుకోండి." పెట్టె ఒక కొస తానే పట్టుకుంది. "పదండి పైకి. ముందు ఆ ఓడేదో ముంచేయండి, మీ సంగతి తర్వాత చెప్తాను."