గోడకు బొమ్మలేసిన లక్ష్మికి పాస్ లేదట

తార్నాక పక్కనున్న మా యూనివర్సిటీలో ఇవాళ పెద్ద కళల ఫెస్టివల్ మొదలైంది. వేదిక వెనక గోడకు మూడు రోజులు బొమ్మలేసిన పక్క బస్తీ మాణికేశ్వర్ నగర్ లక్ష్మి, తన బొమ్మల నోటుబుక్కును ఒక ప్రచురణకర్తకు చూపించాలని వస్తే గేటు దగ్గర సెక్యూరిటీ ఆపేశాడు.

“నిన్నటిదాంక రానిచ్చినవ్ గదన్నా?”

“నిన్న పనికొచ్చినవ్ అక్కా. ఇయ్యాల ఫెస్టివల్. పాస్ ఉండాలె.”

నాకు ఒళ్లు మండింది. లోపల ఆ ప్రచురణకర్తే, ఫెస్టివల్‌ను పూర్తిగా వాడుకోవడమెలాగో మైకులో చెబుతున్నాడు: “మొహమాటపడకండి, నేరుగా వచ్చి మీ పని చూపించండి!”

ప్రసంగం అవగానే చెయ్యి పట్టుకుని ఆయన్ను గేటు దాకా లాక్కొచ్చాను. ఎండలో నిలబడి నోటుబుక్కంతా చూశాడు, లక్ష్మి నంబరు రాసుకున్నాడు. లోపల మాత్రం ఆమె గోడ ముందు జనం సెల్ఫీలు దిగుతూనే ఉన్నారు.

దీన్ని కళాభిమానమంటారా? చెప్పండి, వాదించడానికి సిద్ధంగా ఉన్నాను.