బందరు బస్సులో చెంపదెబ్బ

రాహుకాలం అన్న మాట వినబడితే ఇప్పటికీ నా చెయ్యి ఎడమ చెంప మీదికి పోతుంది.

ఆ దెబ్బ తిన్న ముందు రోజే ఆసుపత్రిలో నా లివర్‌లోని కణితిని సూది పెట్టి కాల్చారు. ఇంటికి పంపేముందు స్కాన్ తీయాలన్నారు. రాహుకాలం వచ్చేలోపు ఆసుపత్రి గడప దాటాలని, స్కాన్ రేపు తీయించుకుంటామని చెప్పి నేనూ నా భార్యా వచ్చేశాం. బెంజ్ సర్కిల్‌లో బందరు బస్సెక్కగానే కుడి భుజం లాగింది, చెమటలు పట్టాయి. పక్క సీటు పెద్దాయన నన్నే చూస్తున్నాడు.

"ఏం చేయించుకున్నారండీ?"

చెప్పాను.

"మళ్ళీ స్కాన్ తీశారా?"

"రాహుకాలం వచ్చేస్తోందని ఆగలేదండి."

చెంప ఛెళ్లుమంది. ఆయన నా కాలర్ పట్టుకుని లేపి, "ఆపవయ్యా బస్సు!" అని అరిచాడు. నా భార్య స్టీలు ఫ్లాస్కుతో ఆయన తల మీద మోదింది. నుదురు చిట్లి రక్తం కారుతున్నా పట్టు వదల్లేదు. కండక్టర్ ఆయన్ని గుంజాడు, ఎవరో వీపు మీద గుద్దారు. పటమటలో బస్సు ఆగగానే ఆయనా నేనూ రోడ్డు మీద పడ్డాం.

"నన్ను తర్వాత చంపండి! ముందు ఈయనకి స్కాన్ తీయించండి!"

అప్పటికే నాకు కళ్ళు తిరుగుతున్నాయి. అది చూసి నా భార్య ఫ్లాస్కు పారేసి ఆటో పిలిచింది.

సూది తగిలిన రక్తనాళం నుంచి పొట్టలోకి రక్తం కారుతోందని స్కాన్‌లో తేలింది. డాక్టరమ్మ ఆ మాట చెప్పగానే, మాతోపాటే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డ పెద్దాయన పిడికిలితో గోడని బాదాడు.

"మా తమ్ముడూ ఇలాగే వచ్చేసి, తెల్లారేసరికి పోయాడమ్మా," అన్నాడు నా భార్యతో. "వాణ్ణి బతిమాలుతూ కూర్చున్నాను. కొట్టాల్సింది."